ఎనిమిదో నంబరు

ప్రతి ఇంట్లోనూ రెండు రకాల మనుషులుంటారు. ఒక పనిని బాగా చేసేవాళ్ళు ఒక రకం. ఏ పని పడితే ఆ పని చేసేవాళ్ళు రెండో రకం. మొదటి రకాన్ని వచ్చిన చుట్టాలకు గర్వంగా పరిచయం చేస్తాం. రెండో రకాన్ని కేకేసి ‘కాస్త చాయ్ పట్టుకురా’ అంటాం. మొదటి రకం పనిలో ఉంటే ఇల్లంతా చప్పుడు కాకుండా నడుస్తుంది. రెండో రకం పనిలో ఉన్నా ఎవరికీ పట్టదు, వాళ్ళు ఎప్పుడూ పనిలోనే ఉంటారు గనక.

నేను మొదటి రకం మనిషిని. ఏవో నాలుగు నవలలు రాశానన్న పేరు చెప్పుకుని చాలా పనులు తప్పించుకున్నాను. మా అక్క రెండో రకం. నలభై అయిదేళ్ళు వచ్చేదాకా ఈ తేడా గురించి నేను ఆలోచించనేలేదు. ఆలోచింపజేసింది ఒక క్రికెట్ ఆటగాడు అంటే మీరు నవ్వుతారేమో. నాకు క్రికెట్ పెద్దగా తెలియదు. తెలిసిన కాస్తా మా నాన్నగారి దగ్గర విన్నదే.

2025 మార్చి 12న సయ్యద్ అబిద్ అలీ పోయాడు. 83 ఏళ్ళు. హైదరాబాదులో పుట్టినవాడు, కాలిఫోర్నియాలో ట్రేసీ అనే ఊళ్ళో కన్నుమూశాడు. సూర్యాపేటలో ఉన్న మా నాన్నగారు ఆ కబురు పేపర్లో చదివి, కోదాడలో ఉన్న నాకు ఫోన్ చేసి, “మా బ్యాంకాయన పోయిండు బిడ్డా” అన్నారు. ఎవరో పాత మేనేజరు కాబోలు అనుకుని నేనూ అయ్యో అన్నాను. తీరా అడిగితే నాన్నగారు ఆయన్ని ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదట! అబిద్ అలీ కుర్రతనంలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ జట్టులో ఆడాడు. చాలా ఏళ్ళ తరవాత నాన్నగారు అదే బ్యాంకులో గుమస్తాగా చేరారు. ఆ మాత్రం చుట్టరికం చాలు ఆయనకు. 1941లోనే ఆ బ్యాంకూ పుట్టింది, అబిద్ అలీ పుట్టాడు. 2017లో బ్యాంకు పెద్ద స్టేట్ బ్యాంకులో కలిసిపోయి పేరు పోగొట్టుకుంది. ఇప్పుడు మనిషీ పోయాడు. నాన్నగారికి రెండోసారి చుట్టం పోయినట్టయింది.

అబిద్ అలీ ఆల్‌రౌండరు. అంటే బ్యాటింగూ చేస్తాడు, బౌలింగూ చేస్తాడు. నాన్నగారి లెక్కలో అయితే ఆ మాట ఆయనకు చాలదు. బడి రోజుల్లో ఆయన్ని ఏరుకున్నవాళ్ళకు నచ్చింది బంతి వెంట పరుగెత్తే తీరు. బ్యాంకు జట్టులో మొదట వికెట్ల వెనక నిలబడి కీపింగ్ చేశాడు. తరవాత బౌలింగ్ పట్టుకున్నాడు. 1967 డిసెంబరులో ఆస్ట్రేలియాలో, అడిలైడ్ టెస్టులో కెప్టెన్ పటౌడీ గాయంతో ఆడలేకపోయాడు. ఆ మ్యాచిలో అబిద్ అలీకి మొదటి అవకాశం దొరికింది. తొలి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. బ్యాటు పట్టుకుని రెండుసార్లూ 33 చొప్పున చేశాడు. అంటే ఒకరు లేని లోటు పూడ్చడంతోనే ఆయన కథ మొదలైందన్న మాట.

మూడో టెస్టులో ఇన్నింగ్స్ ప్రారంభించమన్నారు. సరే అని వెళ్ళి 47 పరుగులు చేశాడు. సిడ్నీలో జరిగిన చివరి టెస్టులో ఒకసారి 78, ఒకసారి 81. ఆ సిరీస్‌లో నాలుగు టెస్టులూ మనవాళ్ళు ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి. ఒకసారి అందరికన్నా ముందు బ్యాటింగ్‌కు పంపేవారు, ఒకసారి ఏడుగురి వెనక. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆయన.

ఇక బౌలింగ్ సంగతి. ఆ రోజుల్లో మన జట్టుకు బలమంతా స్పిన్నర్లే. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్. కొత్త బంతి నున్నగా మెరుస్తూ ఉంటుంది. అది వాళ్ళ వేళ్ళకు పట్టు దొరకదు, సరిగా తిరగదు. అందుకని ముందు ఎవరో ఒకరు కాసిని ఓవర్లు వేసి ఆ మెరుపు వదలగొట్టాలి. మనం చింతపండు పెట్టి ఇత్తడి గిన్నెకు మెరుపు తెస్తాం, ఇక్కడ పని మెరుపు పోగొట్టడం! ఆ పని అబిద్ అలీది. పని అయ్యాక బంతి స్పిన్నర్ల చేతికిచ్చి, వెళ్ళి బ్యాట్స్‌మన్ దగ్గర చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడతాడు, క్యాచ్‌ల కోసం. అప్పటికి హెల్మెట్లు రాలేదు. వికెట్ స్పిన్నరుకు, దెబ్బ తగిలితే ఈయనకు.

అప్పుడప్పుడు మెరుపు వదలగొట్టమని పంపిన మనిషే వికెట్లు పట్టుకొచ్చేవాడు. 1971లో మాంచెస్టర్ టెస్టులో మొదటి రోజు భోజనం వేళకు ముందే ఇంగ్లండు వాళ్ళవి మొదటి నాలుగు వికెట్లూ ఆయనే తీశాడు. అప్పటికి వాళ్ళ స్కోరు 41.

అదే ఏడాది మన క్రికెట్‌కు రెండు పండగలు జరిగాయి. మార్చిలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్ మీద మనకు మొట్టమొదటి టెస్టు విజయం. గెలుపు పరుగు గవాస్కర్ కొడుతుంటే అవతలి కొసన నిలబడి ఉన్నది అబిద్ అలీ, 21 పరుగులతో. ఆగస్టు 24న లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండు గడ్డ మీద మొట్టమొదటి టెస్టు విజయం. వినాయక చవితి కలిసి వచ్చిందని అభిమానులు బెల్లా అనే ఏనుగును మైదానానికి తీసుకొచ్చారు. 173 పరుగులు కావాలి. ఆరు వికెట్లు పోయాయి, గెలుపు గుమ్మంలో ఉంది. ఎనిమిదో నంబరులో అబిద్ అలీ వచ్చి ఫోర్ కొట్టి ముగించాడు. అప్పుడు నాన్నగారు కాలేజీలో చదువుకుంటున్నారు. పక్కింటి వాళ్ళ రేడియో దగ్గర, అర్థమయీ కాని ఇంగ్లీషులో విన్నారట. ఒక చరిత్రలో ఎదుటివాడు కొడుతుంటే చూస్తూ నిలబడ్డాడు, ఇంకో చరిత్రలో తనే కొట్టాడు. రెండుచోట్లా ఉన్నాడు. అయినా 1971 అనగానే గవాస్కర్ గుర్తొస్తాడు, చంద్రశేఖర్ గుర్తొస్తాడు. ఈయన్ని గుర్తు చెయ్యాలంటే మా నాన్నగారు కావాలి.

ఎనిమిదో నంబరు గురించి మన ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది పెట్టుకునే స్థానం అది. ఉంటుందో ఉండదో తెలియదు. కూర అయిపోతే పచ్చడి, పచ్చడీ లేకపోతే మజ్జిగ. పైనవాళ్ళు బాగా ఆడితే ఎనిమిదో నంబరుకు పనే పడదు. వాళ్ళు చేతులెత్తేస్తే మాత్రం భారమంతా తన మీదే. మొన్న 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మన విశాఖపట్నం అబ్బాయి నితీశ్ కుమార్ రెడ్డి ఆ ఎనిమిదో నంబరులోనే దిగి 114 పరుగులు చేస్తే నాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. చివరి బంతిలో కూర్చున్నవాడు విస్తరి నిండా తినడం ఆయనకు చూడముచ్చటగా ఉంది.

అంకెలు చూస్తే అబిద్ అలీవి గొప్పగా ఉండవు. 29 టెస్టులు, 1018 పరుగులు, 47 వికెట్లు. సెంచరీ ఒక్కటీ లేదు. బ్యాటింగ్ సగటు 20. 1975 ప్రపంచ కప్పులో న్యూజిలాండ్ మీద 70 పరుగులు చేశాడు. ఆ తరవాత ఆయన్ని భారత జట్టులోకి తీసుకోలేదు. ఇప్పుడు చెప్పండి, అన్నీ చేయగలగడం గొప్పా, ఒక్కటే అందరికన్నా బాగా చేయడం గొప్పా? ఇది ఆటకు సంబంధించిన ప్రశ్న అనే అనుకున్నాను, ఏప్రిల్ నెల దాకా.

ఏప్రిల్‌లో నాన్నగారు బాత్రూములో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మూడు నెలలు పక్కన మనిషి ఉండాలన్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. తమ్ముడు కాలిఫోర్నియాలో ఉన్నాడు. డబ్బు పంపిస్తాడు, రోజూ ఫోన్‌లో కనిపిస్తాడు. మిగిలింది అక్కా నేనూ.

అక్కను ఇచ్చింది మిర్యాలగూడ. బావగారికి ఒక బియ్యం మిల్లులో వాటా ఉంది. లెక్కలన్నీ అక్కే చూస్తుంది. యాసంగి కోతలై, సాగర్ ఎడమ కాలువ కింది వడ్లు మిల్లుకు వచ్చే రోజులవి. ఆ రోజుల్లో ఆమెకు కంటినిండా నిద్ర ఉండదు. నేనేమో కోదాడలో, సగం రాసిన నవల ముందు పెట్టుకుని కూర్చున్నాను. కోదాడ నుంచి సూర్యాపేటకు హైవే మీద గంట పట్టదు. 

ఆసుపత్రి వరండాలో అందరం మాట్లాడుకున్నాం. ‘పెద్దది చూసుకుంటదిలే’ అంది అమ్మ. ‘అక్కకయితే అన్నీ తెలుసు’ అన్నాడు ఫోన్‌లో తమ్ముడు. నేనేమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నేనన్న మాట. అక్క అప్పుడు అక్కడ లేదు. మందుల షాపుకు వెళ్ళింది.

మూడు వారాల తరవాత పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. అవును, చూడ్డానికే. నాన్నగారు మంచం మీద పడుకుని అబిద్ అలీ కథ మళ్ళీ చెప్తున్నారు. అక్క ఒక చేత్తో ఆయన కాలికి దిండు సర్దుతూ, ఇంకో చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మిల్లులో ఎవరికో బస్తాల లెక్క చెప్తోంది. “గట్లాంటోడు ఒక్కడుంటే కెప్టెన్ బేఫికర్ ఉంటడు” అన్నారు నాన్నగారు.

“కెప్టెన్ బేఫికరే నాన్నా. మరి ఆయన?” అంది అక్క, నవ్వుతూనే.

నాన్నగారు జవాబు చెప్పలేదు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వంటింట్లోకి వెళ్ళి, అక్కను ఓదార్చే ఉద్దేశంతో అన్నాను: “నీకంటూ ఒక్కటి ఉండాల్సింది అక్కా. అందరికీ అన్నీ చేస్తూ, నీకోసం ఏమీ లేకుండా అయిపోయింది.” నవలల్లో ఇలాంటి మాటలు చాలా రాశాను. నా నాయికలు వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

అక్క పెట్టుకోలేదు. “నాకేం లేదో నువ్వు చెప్పకు చెల్లె” అంది. “నాకు పది పనులు చేసుడే ఇష్టం. పొద్దంత ఒక్కదాని ముందు కూసోమంటే నాకు ఊపిరాడదు. పని నాకు బరువు కాదు. నన్ను అడగకుండనే నా పేరు రాసుకుంటరు చూడు, గది బరువు.”

ఆ రోజు బస్సులో కోదాడ దాకా అదే ఆలోచన. నేను రెండు తప్పులు చేశాననిపించింది. మొదటిది, ఆల్‌రౌండరంటే ఏ ఒక్కదానిలోనూ పైకి రాలేకపోయిన మనిషి అనుకోవడం. అలా జాలిపడటం కూడా ఒక రకంగా చిన్నచూపే. అబిద్ అలీ బేడీ కాలేకపోయినవాడు కాదు, అతను అబిద్ అలీ. పది పనులను పట్టి నిలబెట్టగలగడం కూడా ఒక విద్యే. దానికి పేరు లేనంత మాత్రాన అది తక్కువది కాదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. చేతనవుతుంది గనక చేస్తుంది అనుకోవడం. చేతనవడం వేరు, ఒప్పుకోవడం వేరు. కెప్టెన్ బౌలరు వైపు తిరిగి బంతి విసురుతాడు కదా, ఆ తిరిగి చూడటంలో ‘వేస్తావా?’ అన్న ప్రశ్న ఉంది. ఇళ్ళల్లో ఆ చూపు ఉండదు. బంతి ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటుందని అందరికీ తెలుసు. ఉపకారం చేసే మనిషికి ‘కుదరదు’ అనే హక్కు లేకపోతే అది ఉపకారం ఎలా అవుతుంది? వెట్టి అవుతుంది. ఎంత ప్రేమగా చేయించుకున్నా సరే.

మీలో కొందరు అనొచ్చు, కన్నవాళ్ళకు చేసేదానికి కూడా లెక్కలేమిటమ్మా అని. నేనూ అలాగే అనుకునేదాన్ని. అయితే క్రికెట్‌లో లెక్క రాసే పద్ధతి ఒకటి నాన్నగారు చెప్పారు. పరుగు రాని బంతికి కూడా పుస్తకంలో ఒక చుక్క పెడతారట. ఏమీ జరగని బంతి అది. అయినా ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి వేశాడు, ఇంకో మనిషి ఆపాడు. అందుకని ఆ చుక్క. ఆ చుక్క పెట్టినందువల్ల ఆటలో ప్రేమ తగ్గిందా? మన ఇళ్ళల్లో గడిచే రోజులన్నీ ఇంచుమించు పరుగు రాని బంతులే. లెక్క కట్టమని ఎవరూ అడగడం లేదు. ఒక్క చుక్క పెడితే చాలు.

అరణ్యపర్వంలో సత్యభామ ద్రౌపదిని అడుగుతుంది, నీ భర్తలు నీ మాట ఎలా వింటున్నారు, ఏం మందు పెట్టావని. అప్పుడు ద్రౌపది తను ఇంద్రప్రస్థంలో చేసిన పనులన్నీ ఏకరువు పెడుతుంది. దాసదాసీల మంచిచెడ్డలు, ఖజానా ఆదాయవ్యయాలు, అతిథుల భోజనాలు, అందరూ తిన్నాక తను తినడం. చిన్నప్పుడు అది పతివ్రతలకు పాఠమని చెప్పారు. ఇప్పుడు నాకు వేరేగా వినిపిస్తోంది. యజ్ఞం చేసిన ధర్మరాజును అందరూ పొగిడారు. విల్లెత్తిన అర్జునుణ్ణి పొగిడారు. ఆ ఇంటి లెక్కల పుస్తకంలో ఆమెకు ఎవరూ చుక్క పెట్టినట్టు లేదు. అడిగే మనిషి ఒకరు దొరికేసరికి తనే చెప్పుకుంది.

ఇంటికి వెళ్ళి నా పుస్తకం ఒకటి తీశాను. అది రాసిన ఏడాది వేసవి సెలవులన్నీ మా పిల్లవాణ్ణి అక్క మిర్యాలగూడలో పెట్టుకుంది. ముందుమాటలో సంపాదకుడుగారికి కృతజ్ఞత చెప్పాను, ప్రూఫులు దిద్దిన మిత్రురాలికి చెప్పాను, ముఖచిత్రం వేసినాయనకు చెప్పాను. అక్క పేరు లేదు. ‘అక్కే కదా, ఆమెకెందుకు’ అనుకున్నట్టున్నాను. స్పిన్నరు గొప్పవాడు కావడం తప్పు కాదు. కొత్త బంతి మెరుపు ఎవరు వదలగొట్టారో మరిచిపోవడం తప్పు.

మరునాడు అక్కకు ఫోన్ చేసి, మిగిలిన రెండు నెలలూ నేను ఉంటానన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. “నీతోని అయితదా? రాత్రి రెండుసార్లు లేవాలె. పక్క మార్చుడు, ఒళ్ళు తుడుచుడు...”

“నాకు చేతకాదు అక్కా, నేర్చుకుంటా” అన్నాను.

‘నాకు చేతకాదు’ అన్నది ఎంత సుఖమైన మాటో ఇన్నాళ్ళూ వాడుకున్న నాకు తెలుసు. ఆ మాట అన్నవాళ్ళ దగ్గరి నుంచి పని తప్పుకుని, చేతనయినవాళ్ళ దగ్గరికి వెళ్తుంది. కానీ ఆల్‌రౌండర్లు ఆల్‌రౌండర్లుగా పుట్టరు కదా. వికెట్ కీపింగ్ చేస్తున్న కుర్రవాడు ఒకనాడు బంతి పట్టుకోబట్టే అడిలైడ్‌లో ఆరు వికెట్లు వచ్చాయి. అక్క కూడా తుంటి విరిగినవాళ్ళకు పక్క మార్చడం పుట్టుకతో నేర్చుకుని రాలేదు. ఖాళీ కనబడింది, నేర్చుకుంది. నాకు ఆ ఖాళీ కనబడలేదు, అంతే తేడా.

మొదటి వారంలో జావ రెండుసార్లు మాడింది. నాన్నగారు కిక్కురుమనకుండా తాగారు. నవల అక్కడే ఆగిపోయింది. రాత్రిళ్ళు లేచి లేచి పగలు కుర్చీలో కునికిపాట్లు పడ్డాను. ఇది త్యాగం అని చెప్పుకోవడానికి నాకు మొహం లేదు. అక్క ఎప్పుడూ చెప్పుకోలేదు మరి.

నాలుగో రోజు రాత్రి పదిన్నరకు అక్క మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసింది. ఆమె వెనక మిల్లు చప్పుడు వినిపిస్తోంది. నాన్న మందులు వేసుకున్నారా, అమ్మ మోకాళ్ళకు నూనె రాశానా, అన్నీ అడిగింది. చివరికి, “నువ్వు తిన్నవా?” అంది.

“ఇంకా లేదక్కా. అందరివీ అయ్యేసరికి ఈ వేళయింది. గిన్నెలో ఏం మిగిలిందో చూడాలి.”

అవతల అక్క పకపకా నవ్వింది. “అయితే ఎనిమిదో నంబరుకు దిగినవన్నట్టు” అంది. “దిగినందుకు ఒక చిట్కా చెప్త విను. రేపటి నుంచి నీ కంచంల ముందే తీసి పక్కకు పెట్టుకో. నేనైతే పదేండ్ల సంది గదే చేస్తున్న.”